బెల్టు మంజూరు, పంపు నామంజూరు

తెలివితక్కువ పనులు అందరూ చేస్తారు. కాని వాటిని పద్ధతిగా, పైవారిని సంప్రదించి, ఆమోదం పొంది, కింద పొట్టి సంతకం పెట్టి మరీ చేసినవాణ్ణి అరకు లోయ మొత్తానికి నేనొక్కణ్ణే. ఈ కథ ముగిసేలోగా ఒక ఇంజను కాలం చేస్తుంది, నా పరువు పేడనీళ్ళతో తలంటు పోసుకుంటుంది, మా ఆవిడ ఏళ్ళ తరబడి ఎదురుచూసిన పరీక్ష కాస్తా అనంతగిరి ఘాటు రోడ్డు మలుపులో వేలాడుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళు నిక్షేపంగా చదవొచ్చు. పాత డీజిలు కారున్నవాళ్ళు మాత్రం కూర్చుని చదవండి.

అవి తొంభైల చివరి రోజులు. అరకులో ఓ గవర్నమెంటాఫీసులో నేను గుమస్తాని. నా పని ఎస్టిమేట్లు కొయ్యడం. హాస్టలుకి బకెట్లు కావాలని కాగితం వస్తే సగం కోసేవాణ్ణి. పైకప్పుకి రేకులడిగితే సగం కోసేవాణ్ణి. కప్పు లేని సగంలో వాన పడితే అది వానశాఖ వారి తప్పు గాని మాది కాదు కదా! ఈ విద్యలో నాకు గురువు మా సూపర్నెంటు సన్యాసిరావుగారు.

"అడిగినవన్నీ ఇచ్చేస్తే ఇంక ఆఫీసెందుకయ్యా? అడిగేవాడు ఎప్పుడూ రెట్టింపు అడుగుతాడు. మనం సగం కోస్తాం. న్యాయం ఎక్కడ తేలింది? నట్టనడుమ!" అనేవారాయన. న్యాయం నట్టనడుమ తేలుతుందో మునుగుతుందో అప్పటికి నేను చూడలేదు.

అలాంటి నేను ఒక కారు కొన్నాను. విశాఖపట్నంలో ఒక డాక్టరుగారు అమ్మేస్తుంటే కొన్న డీజిలు కారు అది. నాకంటే ముందు చాలామంది యజమానుల్ని చూసిందేమో, నన్ను చూడగానే పొగ వదిలి నిట్టూర్చింది.

మా ఆవిడ పార్వతిది బొబ్బిలి. బీయెడ్డు చదివింది. టీచరు పోస్టుల పరీక్ష ఎప్పుడు పెడతారా అని పెళ్ళికి ముందు నుంచీ చూస్తోంది. పెట్టినప్పుడల్లా ఏదో ఒక అడ్డం. ఈసారి ప్రకటన పడేసరికి ఆమెకి వయసు పరిమితి అంచుకొచ్చేసింది. ఇది తప్పితే ఇంక పరీక్ష రాసే అర్హతే ఉండదు. పరీక్ష ఆదివారం మధ్యాహ్నం, విశాఖలో.

"ఏవండీ, ఘాటు దిగాలి కదా. కారు ఓసారి ఎవరికైనా చూపించండి" అంది పార్వతి.

చూపించాను. అక్కడే మొదలైంది.

శృంగవరపుకోటలో, అదే, ఎస్.కోటలో, గౌరీసు షెడ్డు ఉండేది. గౌరీసు నోరు నడిస్తే చెయ్యి ఆగేది, చెయ్యి నడిస్తే నోరు ఆగేది కాదు. బానెట్టు ఎత్తి లోపలికి తొంగి చూశాడు.

"బాబూ, టైమింగు బెల్టు ఎప్పుడు మార్చేరు?"

"నేను కొన్నాక మార్చలేదు."

"మరి ఆ డాక్టరుగారు?"

"ఆయన మనుషుల డాక్టరు."

మూత విప్పి చూపించాడు. బెల్టు ఎండలో మరిచిపోయిన మామిడితాండ్రలా పగుళ్ళిచ్చి ఉంది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఒంటి వంతెన మీద ఎదురెదురుగా వచ్చే బళ్ళని ఒకదాని తర్వాత ఒకటి పంపించే జెండా మనిషి ఉంటాడు చూశారా, ఇంజనులో ఆ ఉద్యోగం ఈ బెల్టుది. పిస్టను పైకొచ్చే వేళకి వాల్వు తప్పుకోవాలి. జెండా మనిషి కునుకు తీశాడా, రెండూ నడి వంతెన మీద ముఖాముఖి గుద్దుకుంటాయి. ఇంజను అక్కడితో సరి.

"బెల్టుతో పాటు దాన్ని బిగువుగా ఉంచే టెన్సనరు, ఈ పక్క కప్పీ, వాటరు పంపు, ఆయిలు సీళ్ళు కూడా మార్చీసుకోండి బాబూ" అన్నాడు గౌరీసు.

"బెల్టు పాడైతే పంపెందుకోయ్? పన్నునొప్పికి గుండు కొట్టించుకోమన్నట్టుంది."

"పంపుని తిప్పేదీ ఈ బెల్టే బాబూ. ఇయ్యన్నీ ఒక్క మూత కింద కాపరం సేత్తన్నాయి. అన్నిటిదీ ఒకటే వయసు. బెల్టొక్కటీ కొత్తదేసేరనుకోండి, రేపు ముసిలి పంపు బిగుసుకుపోయి కొత్త బెల్టుని నమిలేత్తాది. అప్పుడు ఇదంతా మళ్ళీ విప్పాల. సగం పని విప్పడవే కదేటి!"

ఒట్టు, ఆ మాట నాకు నచ్చింది. గౌరీసు అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. మూసుకోలేదు.

"అలాగే హారను గొంతు పోయింది. మడ్‌ఫ్లాపులు ఏయించీండి. సీటు కవర్లు, స్టీరింగుకి తోలు, యెనకద్దానికి పులిబొమ్మ..."

"పులిబొమ్మకీ టైమింగు బెల్టుకీ సంబంధమేమిటయ్యా?"

"అందం బాబూ!"

అదిగో, అప్పుడు నాలో గుమస్తా నిద్ర లేచాడు. టెన్షనరు నుంచి పులిబొమ్మ దాకా అన్నీ ఒకే గొంతుతో, ఒకే ఊపిరితో అడిగాడు మనిషి. పులిబొమ్మ అబద్ధమైతే పంపు మాత్రం నిజమెలా అవుతుంది? అందరూ అవసరమైనవాళ్ళే, మరి బిల్లు పెంచిందెవరని! ఇదీ నా తర్కం. బియ్యంలో రాళ్ళున్నాయని బియ్యమే పారబోసుకున్నవాణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. ఇప్పుడు చూడండి, ఎదురుగా ఉన్నాను.

అయినా అనుమానం తీరక, పక్కనున్న ఎస్టీడీ బూతుకెళ్ళి సన్యాసిరావుగారికి ఫోను చేశాను.

"సార్, బెల్టుతో పాటు పంపు కూడా మార్చమంటున్నాడు."

"పంపు పనిచేస్తోందా?"

"చేస్తోంది సార్."

"పనిచేస్తున్న పంపుని మార్చడమేమిటయ్యా? పనిచేస్తున్న ఉద్యోగిని రిటైరు చెయ్యడమే అది! రేపు నిన్నూ అలాగే మారుస్తే? బెల్టు మంజూరు. పంపు నామంజూరు. టెన్షనరు సంగతి వచ్చే ఆర్థిక సంవత్సరంలో పరిశీలించవచ్చు."

ఎంత హాయిగా ఉందో! బుర్ర వాడకుండా నిర్ణయం తీసుకోవడంలో ఉన్న సుఖం గవర్నమెంటు ఉద్యోగికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

గౌరీసు ఆఖరి ప్రయత్నంగా పంపు చక్రాన్ని వేలితో తిప్పి, "ఇనండి, గరగరమంటంది" అన్నాడు.

విన్నాను. "మా తాతగారి మోకాలు కూడా ఇలాగే అనేదోయ్. ఆ మోకాలితోనే ముసలితనమంతా నడిచారు."

"మీ తాతగారు ఘాటెక్కేరేటి బాబూ, కడుపులో సలసల కాగే నీళ్ళెట్టుకుని?"

బెల్టొక్కటే కొత్తది వేయించి, మిగిలిన డబ్బుతో విజయనగరం వెళ్ళి కారులో టేపు రికార్డరు, వెనక రెండు స్పీకర్లు పెట్టించాను. ఇంటికి రాగానే పార్వతి అడిగింది.

"అన్నీ మార్పించేరా?"

"పాటలు పెట్టించాను."

ఆమె నన్ను చూసిన చూపుని ఏ స్పీకరూ పలికించలేదు.

పరీక్ష రోజు వచ్చింది. "బస్సుకి పోదామండీ, పొద్దున్నే ఉంది" అంది పార్వతి. "మన కారుండగా బస్సేటి? రాణీగారిలా దిగుదువు గాని" అన్నాను. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినవాడు నాకంటే నయం. పిల్లి కనీసం పొగ కక్కదు.

నేను మరిచిపోయిందేమిటంటే, అది చైత్రం. కొండల్లో ఇటుకల పండగ. ఆ రోజుల్లో మగాళ్ళు వేటకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు పెట్టి, పాటలు పాడుతూ, వచ్చే పోయే బళ్ళ దగ్గర పండగ చందా వసూలు చేస్తారు. ఇవ్వకపోతే బొంగు లేవదు. వేటకెళ్ళినవాడు ఉత్తచేతుల్తో తిరిగొచ్చాడా, వాడి మీద పేడనీళ్ళు పోసి నవ్వుతారు. కొండమీది ఆడవాళ్ళ చేతికి రాజ్యం వచ్చే రోజులవి.

సుంకరమెట్ట దాటకుండానే బానెట్టు కింద కీచుమని ఒక చప్పుడు మొదలైంది.

"ఏటండీ ఆ సప్పుడు?" అంది పార్వతి.

"పిట్ట."

"కారుతో పాటు వస్తందేటి పిట్ట?"

టేపు గొంతు పెంచాను. పిట్ట కూడా గొంతు పెంచింది. గాలికొండ ఎక్కుతుంటే వేడి చూపించే ముల్లు అదే పనిగా పైకి పాకింది. మలుపులో మొదటి బొంగు. ఆగాం. ఆగగానే బానెట్టు సందుల్లోంచి ఆవిరి, కింద రోడ్డు మీద నీటిధార. ముసిలి పంపు కార్చేస్తోంది.

"సందా ఇయ్యి బాబూ!" అన్నారు ఆడవాళ్ళు.

"ఇస్తాను తల్లీ, ముందు ఒక బిందెడు నీళ్ళియ్యండి!"

అలా మొదలైంది మా వ్యాపారం. ప్రతి బొంగు దగ్గరా నేను చందా ఇవ్వడం, వాళ్ళు నీళ్ళివ్వడం. లోకంలో పండగ చందాకి రసీదుగా నీళ్ళు పుచ్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. గాలికొండ దాటి పల్లం వచ్చాక, "ఇంక దిగుడే, భయం లేదు" అన్నాను. పార్వతి హాలుటిక్కెట్టు ఉన్న సంచీని రెండు చేతులతోనూ పట్టుకుంది.

అనంతగిరి దాటాక ఒక మలుపు తిరిగాం. ముందు ఇంకో బొంగు. బండి నెమ్మది చేశాను. పిట్ట ఒక్కసారి గావుకేక పెట్టింది. తర్వాత లోపల టపటపమని, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు ఒక మోత. తర్వాత ఇంజను మూగబోయింది. ముసిలి పంపు బిగుసుకుపోయింది, కొత్త బెల్టుని నమిలేసింది, జెండా మనిషి పోయాడు, వంతెన మీద అందరూ గుద్దుకున్నారు. చేతి బ్రేకు లాగితే కారు సరిగ్గా బొంగుకి మూరెడు దూరంలో ఆగింది.

ఆ గుంపుకి పెద్దావిడ పేరు బుద్రమ్మ. ముక్కుకి పెద్ద నత్తు, చేతిలో కర్ర. ముచ్చటపడి దగ్గరికొచ్చింది.

"ఆపమనకుండానే ఆగిపోనావు! పొద్దున్నుంచి సూత్తన్నాను, ఇంత మంచోడు రానేదు."

"ఆపలేదమ్మా. పోయింది."

"ఏటి పోయింది?"

"అన్నీ పోయాయి." ఆ మాట అంటుంటే వెనక స్పీకర్లలో హుషారు పాట ఒకటి మోగుతూనే ఉంది. కారు మొత్తంలో ప్రాణమున్న అవయవం అదొక్కటే. ఆడవాళ్ళు దానికి తగ్గట్టు అడుగులు వెయ్యడం కూడా మొదలెట్టారు.

పార్వతి తిట్టలేదు. దిగి, రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, పుస్తకం తెరిచి చదువుకోవడం మొదలెట్టింది. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. పేజీ మాత్రం తిరగడం లేదు.

"ఆ గుంట ఏటి సదువుతంది?" అంది బుద్రమ్మ.

"పరీక్షుంది. మధ్యాహ్నం, వైజాగులో. టీచరు ఉద్యోగానికి. ఇదే ఆఖరుసారి."

బుద్రమ్మ కర్ర నేలకి ఆనించి కాసేపు పార్వతినే చూసింది. "టీచరమ్మా? మా ఊళ్ళో బడుంది గాని టీచరమ్మ లేదు. మేకలు కాసుకుంటన్నాయి." దగ్గరికెళ్ళి అడిగింది. "అమ్మా, పరీక్ష గెలిస్తే మా ఊరొస్తావా?"

పార్వతి తలెత్తింది. కళ్ళు తుడుచుకుంది. "రాస్తే కదమ్మా గెలవడం."

"రాస్తావులే" అని బుద్రమ్మ రోడ్డు మీదికి నడిచింది.

అప్పుడే పైనుంచి ఒక జీపు దిగింది. వెనకంతా చింతపండు బుట్టలు. ముందు సీట్లో మైదానం నుంచి వచ్చే షావుకారు. అలవాటైనవాడు కాబట్టి జేబులోంచి చిల్లర తీసి ఉంచాడు.

"ఇదిగో సందా. బేగి ఎత్తండి."

"సందా ఒద్దు. ఈ టీచరమ్మని వైజాగు దించు" అంది బుద్రమ్మ.

"వైజాగా! నేను ఎస్.కోట దాకానే."

"అయితే బొంగు లెగదు."

"ఇదెక్కడి గోల! డబ్బిస్తానంటున్నాను కదా, కావాలంటే ఇంకొంచెం ఇస్తాను!"

"నీ డబ్బెవరిక్కావాల? పండగ మాది, బొంగు మాది." ఆ మాటతో ఆడవాళ్ళంతా జీపు ముందు రోడ్డు మీద చతికిలబడ్డారు. ఒకావిడ మడతపెట్టిన అడ్డాకు విప్పి భోజనం కూడా మొదలెట్టింది.

షావుకారు గడియారం చూశాడు, బుద్రమ్మని చూశాడు, అడ్డాకులో అన్నం ఎంతుందో చూశాడు. లెక్క తేలిపోయింది. "ఎక్కమ్మా తల్లీ! దించుతాను."

"దించకుండా వొగ్గేసేవనుకో, పండగ ఇంకా ఉంది. మళ్ళీ ఈ దారినే రావాల నువ్వు" అంది బుద్రమ్మ.

పార్వతి బుట్టల మధ్య ఇరుక్కుని కూర్చుంది. నేనూ ఒక కాలు పైకి పెట్టాను. బుద్రమ్మ కర్ర నా ముందు అడ్డం వచ్చింది.

"నువ్వెక్కడికి?"

"ఆవిడ భర్తని!"

"పరీక్ష నీకా?"

"కాదు గాని..."

"మరి ఉండు. నీ చెత్త మా రోడ్డు మీద ఎవరు కాత్తారు?"

బొంగు లేచింది. జీపు మలుపు తిరిగింది. నేను మాత్రం కాపలాకి మిగిలిపోయాను. పెళ్ళయ్యాక మొదటిసారి పార్వతి వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వులో జాలి ఎంతో చింతపండు ఎంతో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

పొద్దు వాలుతుంటే ఊరి మగాళ్ళు వేట నుంచి వచ్చారు. ఉత్తచేతులు. వాళ్ళని చూడగానే ఆడవాళ్ళు చెంబులూ బిందెలూ అందుకున్నారు. కొండంతా కేకలు, నవ్వులు, పరుగులు. తడిసినవాళ్ళు కూడా పడీ పడీ నవ్వుతున్నారు. నేనూ రాయి మీద కూర్చుని హాయిగా నవ్వుతున్నాను. అంతలో ఆడవాళ్ళంతా నా వైపు తిరిగారు.

"బాబూ, తెల్లారగట్ల బండేసుకుని బయల్దేరినావు. నీ వేట ఏది?" అంది బుద్రమ్మ.

"నేను వేటకి రాలేదమ్మా!"

"మగాడివే కదా? ఉత్తచేతులే కదా?"

తర్కంలో లోపం కనబడలేదు. వెతికే వ్యవధి కూడా ఇవ్వలేదు. పేడనీళ్ళు చల్లగా ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది.

నేను ఆకుపచ్చగా ఆరుతుండగా గౌరీసు వచ్చాడు. పార్వతి ఎస్.కోటలో జీపు ఆపించి కబురు చెప్పి వెళ్ళిందట. బానెట్టెత్తి, మూత విప్పి, బెల్టు నారని రెండు వేళ్ళతో పైకి తీశాడు. "పంపే బాబూ. వాల్వులన్నీ నడుం వంచేసి నమస్కారం పెట్టేసేయి." నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మీకేటయింది?"

"నాకూ ఓవరాయిలింగు అయింది. ఈసారి మూత కిందవన్నీ మార్చెయ్యి. టెన్షనరు, కప్పీ, పంపు, సీళ్ళు, వాల్వులు. అన్నీ."

"పులిబొమ్మ?"

"...అంటించు."

వినయం వచ్చినప్పుడు కాస్త ఎక్కువగానే వస్తుంది, ఏం చేస్తాం.

పార్వతి మర్నాడు బస్సులో వచ్చింది. బస్సు సమయానికే వచ్చిందని ప్రత్యేకంగా చెప్పింది. షావుకారు గొణుగుతూనే గేటు దాకా దించి, "బాగా రాయమ్మా, లేకపోతే నన్ను ఈ దారిన బతకనివ్వరు" అన్నాడట. బాగానే రాసింది. వానలు తగ్గుముఖం పట్టే వేళకి ఉద్యోగం వచ్చింది. రోడ్డు పక్క ఊళ్ళలో ఖాళీలున్నా బుద్రమ్మ ఊరే కోరుకుంది. మొదటి వారమంతా మేకలకీ ఆమెకీ ఎవరు లోపల, ఎవరు బయట అన్నదాని మీద తగువు నడిచింది. పార్వతే గెలిచింది.

కాబట్టి పాఠకులారా, పవిత్రమైన ఇంజనాయిలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరెన్నడూ మూత విప్పిన ఇంజను ముందు నిలబడి బెల్టుని కాపరం నుంచి విడదీయను. ఒక్క మూత కింద ఉన్నవాళ్ళని ఒక్కసారే మారుస్తాను. మూత బయట ఉన్న పులుల సంగతి మాత్రం విడిగా ఆలోచిస్తాను.

ఇంక ఒక్క లెక్క మిగిలింది.

మళ్ళీ చైత్రం వచ్చింది. "ఎస్.కోట దాకా వస్తానయ్యా" అని సన్యాసిరావుగారు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో మా కారు వెనక సీట్లో కూర్చున్నారు. దారి పొడుగునా ఒకటే సణుగుడు. "ఇన్ని మార్పించావా? సగం సరిపోయేవి." కారు మాత్రం ఘాటు మీద వెన్నలో కత్తిలా దిగుతోంది.

బుద్రమ్మ బొంగు దగ్గర ఆగాం. నా చందా నేనిచ్చాను. బుద్రమ్మ ఆయన దగ్గరికెళ్ళి అడిగితే, "ఎంతంటావు? అందులో సగం పుచ్చుకో" అన్నారు.

బుద్రమ్మకి కోపం రాలేదు. ముచ్చటగా చూసింది. "బాబూ, నీ వేట మా బళ్ళో పాఠం సెప్తంది. నువ్వు పో. ఈ సారు వేట ఏది?"

"వేటేమిటి? ఎవరయ్యా వీళ్ళు? అద్దం ఎత్తు, అద్దం ఎత్తు!" అన్నారు సన్యాసిరావుగారు.

అద్దం ఎత్తే పిడి ఆయన పక్కనే ఉంది గాని, ఆ కంగారులో దించేశారు. బుద్రమ్మ బిందె ఎత్తి, నా బండిలో మనిషి కదా అని మర్యాదకి నా వైపు చూసింది.

"సగం పొయ్యనా, నిండా పొయ్యనా?"

నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి, ఎవరినీ సంప్రదించకుండా, పూర్తిగా మంజూరు చేశాను.